మచ్చపడిన ఆకు



అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మన నెల్లూరు సీమలో వానలు కురియును. అనంతసాగరము చెరువునకు నీరు చేరెనని మనము సంతోషించు ఆ దినములలోనే మందిర ఆవరణములోని గులాబి పొదలకు నల్లమచ్చ తెగులు పట్టును. ఆకుపై అంచు చెదిరిన నల్లని మచ్చ, దాని చుట్టు పసుపు, పిమ్మట ఆకు రాలుట. దీనికి కారణము ఒక బూజు. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా నుండినయెడల అది మొలచి లోనికి చొచ్చును. రాలిన ఆకులలో నిలిచియుండి, వానచుక్క చిందినప్పుడు పై ఆకులకు ఎక్కును.

కావున తోటపని ఎరిగినవారు మచ్చపడిన ఆకులను తెంపి, రాలినవాటిని ఏరి కాల్చుదురు. సాయంకాలము మొక్క నెత్తిన నీళ్లు కుమ్మరింపక, ఉదయమున మొదట పోయుదురు. బోర్డో మిశ్రమమును చల్లుదురు. 1882లో ఫ్రాన్సు దేశపు బోర్డో ప్రాంతమున, బాటసారులు ద్రాక్షపండ్లు దొంగిలింపకుండ తుత్తము, సున్నము చల్లిన తీగలకు తెగులు తగ్గుట మిల్లార్డే అను పండితుడు గమనించెను. 10 లీటర్ల నీటికి తుత్తము 100 గ్రాములు, సున్నము 100 గ్రాములు. విడివిడిగా కలిపి పిమ్మట ఏకము చేయవలెను, ఇనుప పాత్ర పనికిరాదు. (లేత ఆకులు మాడవచ్చును గనుక ముందు ఒక కొమ్మపై చల్లి చూడుడి.) అయితే ఈ మందు మంచి ఆకును కాపాడునే గాని మచ్చపడినదానిని బాగుచేయదు.

ఇక్కడనే మన ప్రశ్న పుట్టుచున్నది. సంఘములో ఒకడు త్రాగుడులో పడినప్పుడు పెద్దల కూటములో ఎవరో లేచి, చెడిన ఆకును తెంపుటయే చెట్టుకు మేలందురు. వినుటకు బాగుగానే యున్నది. కాని ఆకునకు మారుమనస్సు లేదు. తెంపకున్నను అది రాలునదే. మనుష్యుడు అట్టివాడు కాడు. పల్లెలో ఒకని వెలివేసినయెడల వాని భార్యకు బావి కడ పలుకరింపు పోవును, బిడ్డ పెండ్లికి తోడు పోవును.

అట్లని ఊరకుండుడని మేము చెప్పము. త్రాగివచ్చి కొట్టువాని చేతిక్రింది భార్యయు ఆ చెట్టు ఆకే. ఆమెను ముందు కాపాడవలెను; సంఘపు సొమ్ము వాని చేతికి ఇయ్యరాదు. లేవీయకాండము 14వ అధ్యాయములో గోడకు పుట్టిన పొడను చూచుటకు యాజకుడు వచ్చు విధము చదువుడి. సామాను అపవిత్రము కాకుండ ముందు ఇల్లు ఖాళీ చేయించును. ఏడు దినములు మూసియుంచును. పొడ వ్యాపించినచో ఆ రాళ్లను మాత్రమే ఊడదీయించును. మరల పుట్టినప్పుడే ఇల్లు పడగొట్టుట. ఒక గోడకే ఇంత ఓపిక! పౌలు సైతము కొరింథులో ఒకని వెలివేయుమని వ్రాసి, రెండవ పత్రికలో ఒకని క్షమించి ఆదరింపుమనెను. ఇద్దరు ఒక్కడేయని అనేకుల తలంపు.

మరి ఆకును తడిపినదెవరు? మద్యపు కొట్టు ప్రక్కనే కూలి డబ్బు పంచు మేస్త్రీ మన ముందు బల్లపైనే కూర్చుండునేమో, పెద్దలు విచారింపవలెను. 1992లో మన జిల్లాలోని దూబగుంట స్త్రీలు, అక్షరములు నేర్చుకొనుచున్న దినములలో, భర్తలను తరుమలేదు. సారా కొట్టును మూయించిరి. మరుసటి ఏడు అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను.