కొలనుపాక మాణిక్యదేవుడు: వరాలివ్వని స్వామిని ఏం అడగాలి?



యాదగిరిగుట్టకి వెళ్ళి, దర్శనం అయ్యాక అటు నుంచి అటే ఇంటికొచ్చేస్తాం కదా. ఈసారి ఇంకొంచెం ముందుకి, ఆలేరు దాకా వెళ్ళండి. అక్కడికి దగ్గర్లోనే కొలనుపాక. కల్యాణి చాళుక్యుల కాలంలో పెద్ద పట్టణం, ఇప్పుడొక పల్లె. సోమేశ్వరుడి గుడి ఉన్న ఈ ఊళ్ళోనే జైనుల కుల్పాక్‌జీ తీర్థం కూడా ఉంది.

ఇక్కడి ప్రధాన మూర్తి ఆదినాథుడు, మొదటి తీర్థంకరుడు. భక్తులు మాణిక్యదేవుడు అంటారు. పచ్చని జేడ్ రాతిలో మలిచిన మహావీరుడి విగ్రహం కూడా ఉంది, ఎత్తు సుమారు 130 సెంటీమీటర్లు. చూపు తిప్పుకోలేం.

ఆదినాథుడి ఇంకో పేరు ఋషభదేవుడు. ఆయన మనకి పరాయివాడు కాదండి. భాగవతం పంచమ స్కంధంలో నాభి మహారాజు కొడుకుగా, విష్ణువు అవతారంగా కనిపిస్తాడు. పెద్దకొడుకు భరతుడికి రాజ్యం అప్పగించి, కట్టుబట్ట కూడా లేకుండా వెళ్ళిపోయాడు.

ఈ మూర్తి గురించి జైనులు ఒక కథ చెబుతారు. భరత చక్రవర్తి చేయించిన ఈ విగ్రహాన్ని లంకలో మండోదరి పూజించిందట. తర్వాత సముద్రంలో ఉండిపోయింది. ఎన్నో ఏళ్ళకి శంకరుడనే రాజుకి దక్కింది. 'బండి మీద తీసుకెళ్ళు, వెనక్కి మాత్రం చూడకు' అన్నారు. వస్తోందో లేదో అని అనుమానం వచ్చి రాజు తిరిగి చూశాడు. స్వామి అక్కడే ఆగిపోయాడు. అదే కొలనుపాక.

గమనించారా? రాజ్యమే వదిలినా వెనక్కి చూడని స్వామి ఆయన. ఆయన్ని తెస్తూ కూడా రాజు చూడకుండా ఉండలేకపోయాడు. మన సంగతీ అంతే. దండం పెడుతూనే ఫోన్ వైపు చూస్తాం.

ఇంకో మాట. అక్షయ తృతీయకి మనం బంగారం కొంటాం. జైనులు ఆ రోజు ఋషభదేవుణ్ణి తలుచుకుంటారు. దీక్ష తీసుకున్నాక ఆయనకి ఏడాదికి పైగా ఆహారం దొరకలేదు. మునికి భిక్ష పెట్టాలని అప్పటి జనానికి తెలియదు. నగలు, ఏనుగులు, గుర్రాలు తెచ్చి ముందు నిలబెట్టారు. ఆకలితో ఉన్నవాడికి బంగారం ఎందుకండి? చివరికి హస్తినాపురంలో శ్రేయాంసుడు చెరకు రసం ఇచ్చాడు. ఆ రోజే అక్షయ తృతీయ.

తీర్థంకరుడు వరాలివ్వడు. ఆయన వీతరాగుడు: మనం పొగిడితే పొంగడు, మర్చిపోతే అలగడు. మరి ఎందుకు మొక్కడం? ఆయనలా కావడానికి, అంటారు జైనులు.

మన వెంకన్నని వీసా అడగండి, ఉద్యోగం అడగండి, తప్పేం లేదు. బిడ్డ తండ్రిని అడక్క ఎవరిని అడుగుతాడు? కానీ మాణిక్యదేవుడి ముందు ఒక్క నిమిషం ఏమీ అడక్కుండా నిలబడండి. 'స్వామీ, నేను పట్టుకున్నదాంట్లో నాకు నిజంగా అక్కర్లేనిది ఏది?' అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. కోపమో, పోలికో, పాత మాటో, ఏదో ఒకటి తడుతుంది. దాన్ని అక్కడే వదిలేసి రండి.

వచ్చేటప్పుడు మాత్రం వెనక్కి చూడకండి!

జై జినేంద్ర. సర్వే జనాః సుఖినో భవంతు.