తాళాల గుత్తి ఎవరి దగ్గరుంది?

చిరంజీవి అల్లుడికి,

మీ మామయ్యకు మోకాళ్ళ నొప్పులు మామూలే. ఆవకాయ కలిపి జాడీకి వాసెన కట్టిపెట్టాను, చెన్నై వచ్చేవాళ్ళు ఎవరైనా దొరికితే పంపుతా.

నిన్న ఫోన్లో నువ్వు ఫుకెట్ ప్రయాణం సంగతి చెబుతుంటే బాగుంది బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది. మీ నాన్న జీతానికి మీ చిన్నప్పుడు తిరుపతి దాటి పోయింది లేదు. ఇప్పుడు నువ్వు పెళ్ళాన్నీ బిడ్డనూ విమానం ఎక్కిస్తున్నావంటే కాదనేంత పాపిష్టిదాన్ని కాదు. కానీ చెప్పాల్సినవి కొన్ని గొంతులోనే ఉండిపోయాయి. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టెయ్యలేవు గదా.

జూన్ నెలకు ప్యాకేజీ సగం ధరకే దొరికిందని మురిసిపోయావు. ఎందుకు సగానికే ఇచ్చాడో అడిగావా? సముద్రం పక్కన పుట్టినవాడివి, నీకే తట్టాలి. మనకు వానగాలి ఈశాన్యం నుంచి, అక్టోబరు మొదలు డిసెంబరు దాకా. ఆ నెలల్లో మన పట్టపుపాళెం జాలర్లు ఆకాశం వంక చూడనిదే పడవ దించరు. ఫుకెట్ ఉండేది థాయిలాండ్ పడమటి ఒడ్డున, అండమాన్ సముద్రం మీద. మనం ఈ ఒడ్డునుంటే వాళ్ళు అవతలి ఒడ్డున ఉన్నారు. నైరుతి గాలి మన వీపుకు తగులుతుంది, వాళ్ళ మొహాన కొడుతుంది. మే నుంచి అక్టోబరు దాకా పటాంగ్, కరోన్, కటా తీరాల్లో ఎర్రజెండాలు పాతుతారు, నీళ్ళలోకి దిగొద్దని. ఆ కాలంలో గదులు ఖాళీగా ఉంటాయి, ధరలూ దిగుతాయి. 2018 జూలై 5న వాతావరణ హెచ్చరిక ఉన్నా బయలుదేరిన ఫీనిక్స్ అనే విహార పడవ ఆ ఫుకెట్ దగ్గరే మునిగి 47 మంది చైనా యాత్రికులు పోయారు. దీవులు చూపిస్తాం రండి అని పడవవాడు ఎప్పుడైనా పిలుస్తాడు, పిలవడం వాడి పని.

అయితే నిన్నటి నుంచి నాకు నిద్ర పట్టనిది సముద్రాన్ని తలుచుకుని కాదు. నువ్వు చెప్పిన ఇంకో మాట ఉందే, "గది తలుపు తీస్తే నేరుగా ఈతకొలనే అత్తా, మంచం మీద నుంచి లేచి నీళ్ళలోకి దిగొచ్చు" అని. నీకు అది వైభోగం. బుజ్జిదానికి మూడేళ్ళు. తలుపు గడియ తీయడం దానికి ఎప్పుడో వచ్చింది.

మీ చిన్నత్త సంగతి నీకు తెలుసు. తెలుసు అంటే, ఒకతె ఉండేది, చిన్నప్పుడే పోయింది అన్నంతవరకు. ఆ పిల్లకి ఫొటో కూడా లేదు. మన ఇంట్లో ఆ మాట ఎవరూ పూర్తిగా చెప్పుకోలేదు. మీ నాన్న అప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడు గాబట్టి ఆయనకూ సరిగ్గా తెలియదు. తెలిసినవాళ్ళలో మిగిలింది నేనే.

నాకు అప్పుడు పదకొండేళ్ళు. కార్తీక పౌర్ణమికి మైపాడు సముద్రానికి పోవడం మన ఇంటి ఆనవాయితీ. తెల్లవారుజామున రెండెడ్ల బండ్లు కట్టేవాళ్ళు. గడ్డి పరిచి, దాని మీద దుప్పట్లు వేసి, పిల్లలమంతా ముడుచుకుని పడుకునేవాళ్ళం. దారి పొడుగునా మంచు, చక్రాల చప్పుడు, బకింగ్‌హాం కాలువ దగ్గరకు వచ్చేసరికి ఉప్పుగాలి మొహానికి తగిలేది. పులిహోర, పెరుగన్నం, అరటిపండ్లు. ఆ బండి ప్రయాణం కోసం ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. సముద్రం అంటే నాకు పిచ్చి. మా అన్నదమ్ములకు నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి బావిలో ఈత నేర్పారు. ఆడపిల్లకు ఈతెందుకని నన్ను ఒడ్డున కూర్చోబెట్టారు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో ఆడపిల్లలకు ఈత నేర్పించండని ఎన్ని సమావేశాల్లో చెప్పానో, విన్నవాళ్ళు లేరు. అది వేరే కథ.

ఆ ఏడు సముద్రం పోటుగా ఉంది. పెద్దవాళ్ళంతా అలల దగ్గరే కాపలా కాశారు. మా పెదనాయన గట్టిగా కేకలేస్తూ ఎవరినీ మోకాలి లోతు దాటనివ్వలేదు. పధ్నాలుగు మంది పెద్దవాళ్ళున్నారురా ఆ ఒడ్డున. చిన్నది అలల వైపు పోనేలేదు. దిబ్బ వెనక్కి పోయింది. అంతకుముందు కురిసిన వానకు అక్కడ ఒక మడుగు నిలిచి ఉంది, నా మోకాలి లోతు. అందులో చేపపిల్లలు కనపడ్డాయేమో, ఏమో.

పిన్ని దగ్గరుందని అమ్మ అనుకుంది. అత్తమ్మ దగ్గరుందని పిన్ని అనుకుంది. బండి దగ్గర నిద్రపోతోందని నాయన. అన్నం పెట్టేటప్పుడు ఆకులు లెక్కపెడితే ఒక ఆకు మిగిలింది.

అరుపు ఎవరికీ వినపడలేదు. అరవలేదు గాబట్టి వినపడలేదు. సినిమాల్లో చేతులు పైకెత్తి కేకలేస్తారే, అట్టా ఉండదు. ఊపిరి తీసుకోవడానికే చాలని నోరు కేకెట్టా వేస్తుంది? పసిపిల్లలయితే ఒక నిమిషం లోపే నిశ్శబ్దంగా మునిగిపోతారు. వలలు ఆరేస్తున్న పట్టపాయన ఒకడు చూసి ఎత్తుకొచ్చాడు. ఆ తర్వాత జరిగింది రాయడం కష్టం గానీ రాస్తా, నీకు పనికొస్తుంది గనక. తలకిందులుగా పట్టుకుని ఊపారు. కడుపు నొక్కారు. ఆ కాలపు పద్ధతి ప్రకారం పాళెంలో కుమ్మరివాళ్ళ ఇంటికి ఎత్తుకుపోయి సారె మీద పడుకోబెట్టి తిప్పారు, నీళ్ళు కక్కుతుందని. చెయ్యాల్సింది నోట్లో ఊపిరి ఊదడం, రొమ్ము మీద నొక్కడం. అది తెలిసినవాడు ఆ ఒడ్డున ఒక్కడూ లేడు. తిప్పుతూ ఉన్నంతసేపు అమ్మ "కదిలింది, కదిలింది" అంటూనే ఉంది.

ఆ రోజు నుంచి మీ నాయనమ్మ ఎవరినీ నిందించలేదు. నిందించి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. ఆమె ఒక పని చేసింది. ఇంటి తాళాల గుత్తి నీకు గుర్తుంది గదా, ఇత్తడి గొలుసుది, అరచేతిలో పట్టనంత బరువు? పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో, చెరువుగట్టు మీద అది ఒకరి నుంచి ఒకరికి మారుతూ ఉండేది. బీరువా భద్రం కోసమని నువ్వు అనుకునేవాడివి. మీ నాన్న కూడా అట్టాగే అనుకున్నాడు. బీరువాలో ఏముందిరా, మూడు పట్టు చీరలు. ఆ గుత్తి నడుముకి ఎవరు దోపుకుంటే పిల్లలు వాళ్ళ మీద. వాళ్ళు వంట చెయ్యకూడదు, కబుర్లు చెప్పకూడదు, పేకాట వైపు చూడకూడదు. లేవాల్సి వస్తే ఇంకొకరి చేతిలో పెట్టి "పిల్లలు నీ మీద" అని నోటితో అనాలి, అవతలివాళ్ళు "నా మీద" అనాలి. అనకపోతే గుత్తి మారినట్టు కాదు. గూడూరు పెళ్ళిలో మా ఆడపడుచు ఊఁ కొట్టి ఊరుకుందని నలుగురిలో మీ నాయనమ్మ ఎంత గొడవ చేసిందనుకున్నావ్! ఊఁ పనికిరాదంట. ఆ తర్వాత మన ఇంట్లో ఇరవై మంది పిల్లలు పెరిగారు, నీతో కలిపి.

పధ్నాలుగు మంది చూసేకంటే గుత్తి పట్టుకున్న ఒక్క మనిషి చూడటం మేలు. పధ్నాలుగు మందిలో ప్రతివాడికీ ఇంకా పదముగ్గురున్నారన్న ధైర్యం.

ఇప్పటి కాలంలో ఆ ధైర్యం ఇంకా పెరిగింది. హోటళ్ళలో లైఫ్‌గార్డ్ ఉంటాడు, సీసీ కెమెరా ఉంటుంది, పిల్లల్ని చూసుకునే అమ్మాయిలుంటారు, రేటింగు నాలుగున్నర. ఆదివారం మైపాడు పొయ్యి చూడు. నెల్లూరు నుంచి కార్లలో దిగుతారు, పాటలు పెడతారు, పిల్లను నీళ్ళ అంచున నిలబెట్టి, అల వస్తుంటే ఫోన్ పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తారు. తెర మీద పిల్ల కనపడుతోంది గాబట్టి చూస్తున్నామనే అనుకుంటారు. ప్రతి ఎండాకాలం పేపర్లో ఒక వార్త, కాలేజీ పిల్లల ఫొటోలు. మెరైన్ పోలీసులు ఎంతమందిని వెనక్కి పిలవగలరు?

2004 డిసెంబరు 26 నీకు గుర్తుండాలి, ఆదివారం, పౌర్ణమి. సుమత్రా దగ్గర భూమి అదిరితే ఒకే ఉప్పెన అటు ఫుకెట్‌నూ ఇటు మన తీరాన్నీ తాకింది. మన పాళేల్లో పడవలు, వలలు పోయాయి, ఆంధ్ర తీరం మొత్తం మీద వందమందికి పైగా పోయారు. నువ్వు పోయే ఫుకెట్‌లోనే మైఖావ్ అనే తీరం ఉంది. అక్కడ టిల్లీ స్మిత్ అని పదేళ్ళ ఇంగ్లీషు పిల్ల, అమ్మానాన్నలతో సెలవులకు వచ్చింది. నీళ్ళ మీద నురగ, బుడగలు వింతగా ఉన్నాయని గమనించింది. రెండు వారాల ముందే బడిలో భూగోళం పాఠంలో సునామీ గురించి చెప్పారంట. గొడవ చేసి అందర్నీ ఒడ్డు నుంచి పంపించింది. ఆ తీరంలో ఎవరూ పోలేదు. పెద్దవాళ్ళు చాలామందే ఉన్నారు అక్కడ, సముద్రాన్ని చూడటానికే వచ్చినవాళ్ళు. ఉపాధ్యాయురాలిగా ఆ కథ చెప్పినప్పుడల్లా నాకు గర్వం, పాఠం వృథా పోలేదని. సునామీకైతే 2007లో హైదరాబాదులో హెచ్చరిక కేంద్రం పెట్టారు, రాత్రింబగళ్ళు కనిపెట్టి ఉంటారు. ఈతకొలను మెట్ల మీద కూర్చున్న మూడేళ్ళ పిల్లకి అటువంటి కేంద్రం ఏదీ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక చదివాను. 2021 ఒక్క ఏడాదిలో నీళ్ళలో మునిగి పోయినవాళ్ళు ఇంచుమించు 3 లక్షలు, అందులో దగ్గర దగ్గర నాలుగోవంతు అయిదేళ్ళ లోపు వాళ్ళు.

నేను మొన్న సంక్రాంతికి ఏమీ అనలేదు. పండగపూట ఎందుకని. హరిదాసు వచ్చాడని నువ్వు వీడియో తీస్తున్నావు, కోడలు అరిసెల దగ్గరుంది, బుజ్జిది నీ దగ్గరుందని ఆమె, ఆమె దగ్గరుందని నువ్వు. అది పెరట్లో పశువుల తొట్టి అంచు పట్టుకుని, గొబ్బెమ్మల మీది బంతిపూలు ఒక్కొక్కటే నీళ్ళలో వేస్తూ వంగి చూస్తోంది. నేను వెనక నుంచి ఎత్తుకొచ్చి మీ మధ్య కూర్చోబెట్టాను. మీరు నవ్వుతూ దాని చేతులు తుడిచారు.

ఇంక సూటిగా చెబుతా, రాసుకో.

నీళ్ళలోకి తలుపు తెరుచుకునే ఆ గది మార్చు. మూడో అంతస్తులో ఇమ్మను, బాల్కనీ కమ్ముల మధ్య పిల్ల తల పట్టకుండా ఉందో లేదో వెళ్ళగానే చూడు, కుర్చీలు అక్కడి నుంచి లోపలికి లాగెయ్. ఈతకొలనులో పిల్ల ఉన్నంతసేపు నువ్వు గానీ కోడలు గానీ చెయ్యి చాపితే అందేంత దూరంలో నీళ్ళలోనే ఉండాలి, ఒడ్డున కుర్చీలో కాదు. చేతులకు గాలి ఊదే బుడగలు కొన్నారంట, అవి బొమ్మలు, ప్రాణం కాపాడవు. దాని బరువుకు సరిపోయే లైఫ్ జాకెట్ ఇక్కడే కొని పట్టుకుపో. కోడలు ముచ్చటపడి కొన్న నీలంరంగు చేపకన్య గౌను ఇంట్లో వేసుకోనీ, నీళ్ళలో వద్దు. నీలం, తెలుపు నీళ్ళలో కలిసిపోయి కనపడవు. నారింజరంగు కొను.

ఎర్రజెండా ఉంటే చీలమండ కూడా తడపొద్దు. ఎరుపు పసుపు కలిసిన జెండాల మధ్యే కాపలావాళ్ళుంటారు, అక్కడే దిగాలి. అలలు విరిగే చోట నడిమధ్య నున్నగా, అలలు లేకుండా కనపడే జాగా సురక్షితం అనుకుంటారు తెలియనివాళ్ళు. నీళ్ళు లోపలికి లాగేది అక్కడే. నిన్ను లాగితే ఎదురీదొద్దు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడు. జెల్లీఫిష్ కుడితే వెనిగర్ పొయ్, అక్కడ కొన్ని తీరాల్లో సీసాలు పెట్టి ఉంచుతారు. అంబులెన్సుకు 1669, టూరిస్టు పోలీసుకు 1155. ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి, ఒక కాగితం మీద కూడా.

పోయేముందు ఒక పూట సెలవు పెట్టి ఇద్దరూ సీపీఆర్ నేర్చుకోండి. మునిగిన పిల్లకు ముందు ఊపిరి ఊదాలి. కడుపు నొక్కొద్దు, తలకిందులు చెయ్యొద్దు.

గుత్తి నా దగ్గరే ఉంది. తాళాలకు బీరువాలు లేవు ఇప్పుడు. ఆవకాయతో పాటు పంపుతా. విమానాశ్రయంలో సామాను తనిఖీవాళ్ళు అదేందని అడిగితే ఇనుపముక్కలని చెప్పు. "పిల్ల నీ మీద", "నా మీద", ఫారిన్ వాళ్ళ ముందు సిగ్గుపడకుండా తెలుగులోనే అనుకోండి.

ప్యాకేజీవాడికి ఇవాళే ఫోన్ చేసి తేదీలు ఫిబ్రవరికి మార్చమను. అప్పుడు అక్కడ సముద్రం చెరువులా ఉంటుంది, ధర కూడా పెరిగే ఉంటుంది. తేడా ఎంతో నాకు చెప్పు, నేను వేస్తా. రొయ్యల గుంట కౌలు మొన్ననే చేతికొచ్చింది, మీ మామయ్యకు తెలియనక్కర్లేదు.

ఇట్లు,
మీ అత్త