సైనికుని మనస్సాక్షి

తిరువూరు బస్సుస్టాండులో సెలవుపై వచ్చిన సైనికుడు దిగినంతనే చుట్టములు మూగుదురు. జీతమెంత, ఏ సరిహద్దున నున్నావు, అచ్చట మంచు ఎట్లుండునని యడుగుదురు. తోడివారి నడుమ నెట్లు బ్రదుకుచున్నావని యడుగువారు తక్కువ. కడచిన క్రిస్మసునకు వచ్చిన మా పేట క్రైస్తవ యువకుడొకడు, నాయొద్ద చదువుకొన్నవాడు, నే నడుగకయే ఆ మాట యెత్తెను.

“మాస్టారూ, రాత్రి కాపలాకు నాకు భయము లేదండి. మంచము ప్రక్క మోకరించుటకే భయము. మొదటినాడు ఒకడు నవ్వెను. మరునాడు అందరును ‘పాదిరిగారు వచ్చినారు’ అనిరి. మూడవనాటినుండి దుప్పటిలోపలనే ప్రార్థించుకొనుచున్నాను. అట్లని వారు చెడ్డవారు కారండి. ఆ మొదట నవ్వినవాడే నాకు జ్వరము వచ్చినపుడు రాత్రియంతయు మేలుకొని గంజి త్రాగించెను.”

ఆ గంజిమాటయే నన్ను చిక్కున పెట్టినది. పీడించువాడు శత్రువైనచో ధైర్యము తెచ్చుకొనుట సులభము. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినపుడు వెలివేసినవారు ఎరిగినవారే. కాని రాత్రియైన తలుపు వేసికొనుటకు పంతులుగారి కొక యిల్లుండెను. బ్యారక్సులో తలుపులేదు. నేడు నవ్వినవాని భుజముపైననే రేపు ప్రాణము నిలుపుకొనవలెను.

చట్టము దీనికి దవ్వుగనే యుండును. మన రాజ్యాంగపు 25వ అధికరణము మనస్సాక్షికి స్వేచ్ఛ నిచ్చినది. సాయుధదళముల విషయమున అట్టి హక్కులను పరిమితము చేయుటకు 33వ అధికరణము పార్లమెంటునకు అధికారమిచ్చినది. ఈ రెంటిలో నేదియు నవ్వును తాకదు. ఆజ్ఞ మీరినవానికి విచారణయైన నుండును. నవ్వునకు విచారణలేదు, అప్పీలులేదు.

అమెరికాలోని వర్జీనియావాడగు డెస్మండ్ డాస్ 1942లో సైన్యమున చేరి, గాయపడినవారికి సేవచేయుదునుగాని ఆయుధము పట్టనని చెప్పెను. ప్రార్థించుచుండగా తోడివారు బూట్లు విసరిరి. 1945 మే నెలలో ఒకినావా దీవిలోని కొండకొమ్ముపై గాయములతో పడియున్న సుమారు 75 మందిని ఆయన త్రాటికి కట్టి యొక్కొక్కరినే క్రిందికి దింపెను. ఆ అక్టోబరులో అధ్యక్షుడు ట్రూమన్ అత్యున్నతపతక మిచ్చెను. ప్రసంగములందు ఈ కథ తరచు చెప్పుదురు. నాకొక సందేహము. ఆ 75 మందిని దింపలేకపోయినచో బూట్లు విసరుట న్యాయమగునా? వీరుడైన పిమ్మటనే మోకరించుట కర్హత కలుగునా? మన యువకులలో నెక్కువమందికి కొండకొమ్ము దొరకదు, మంచముమాత్రమే దొరకును.

రెండవపక్షమును తేలికగా త్రోసివేయరాదు. సైన్యము ఒక శరీరమువలె కదలవలెను. సిక్కు సిపాయిల దళమునందు 2017లో నియుక్తుడైన క్రైస్తవ లెఫ్టినెంటొకడు, వారితో ఆరాధనస్థలమువరకు వచ్చుచునే గర్భాలయములోనికి రానని నిరాకరించెను. 2021లో ఆయనను కొలువునుండి తొలగించిరి. 2025 మే 30న ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించినది. నవంబరు 25న సుప్రీంకోర్టు జోక్యము చేసికొన నిరాకరించినది. నాయకుడు తన సిపాయిలకు వేరుగా నిలువరాదన్న తర్కమున బలము కలదు. ఆయన పాస్టరే లోపలికి పోవుట దోషముకాదని చెప్పెనను మాటయు అచ్చట వినబడినది. ఇచ్చటనే నా మనస్సు ఒప్పుకొనదు.

రాజుల రెండవ గ్రంథమున సిరియా సైన్యాధిపతి నయమాను కథ యున్నది. కుష్ఠము మాని ఇశ్రాయేలు దేవుని నమ్మిన యతడు ఎలీషాయొద్ద ఒక మనవి చేసికొనెను: రాజు తన చేతిపై నానుకొని రిమ్మోను గుడికి పోవునపుడు తానును వంగవలసివచ్చును, దానిని దేవుడు క్షమించవలెనని. ప్రవక్త అతనిని సమాధానముగా పంపివేసెను. సడలింపు కలదని చూపుటకు దీనిని చెప్పవచ్చును. కాని ఆ సడలింపు నడిగినవాడు నయమానే. రాజు కాడు, గుడిపూజారి కాడు, తోడి సేనాపతులు కారు. ఎంతవరకు వంగవచ్చునో వంగువాని మనస్సు తేల్చుకొనవలెను. ఇతరులు ‘నీ మతము దీని కొప్పును’ అని తేల్చిచెప్పుట ఎంత మృదువుగా చెప్పినను బలవంతమే.

ఈ మాట యువకునితో చెప్పి, దుప్పటిలోపలి ప్రార్థన పాపముకాదు, తలుపు వేసికొని ప్రార్థించుమని సువార్తలోనే యున్నదిగదా యంటిని. అతడు సంతసింపలేదు. కొంతసేపటికి మెల్లగా,

“దుప్పటి సంగతి సరేనండి. ఈ యేడు మా గదికి క్రొత్తగా ఒక కుర్రవాడు వచ్చినాడు. వేరే మతమువాడు. వానికిని వాని ప్రార్థన యున్నది. అందరును నవ్విరి. నేనును నవ్వితిని” అనెను.

“ఏల నవ్వితివి?”

“నావంక చూడకుండుటకండి.”

నేను సిద్ధముచేసికొన్న వాక్యము లన్నియు అచ్చట నిలిచిపోయినవి. రిమ్మోను గుడికంటె దూరము పోయితిమి. తన విశ్వాసమును దాచుకొన్నవానిని క్షమించుటకు నాకు కారణములు దొరకినవిగాని, దానిని దాచుకొనుటకై యింకొకని విశ్వాసమును అడ్డముపెట్టుకొన్నదానికి దొరకలేదు. అతనికిని దొరకలేదు కాబోలు, సెలవంతయు దానినే మోయుచు వచ్చినాడు.

బస్సు వచ్చువేళకు నేను పెట్టె అందించుచు, ఆ కుర్రవాని మంచము నీ మంచమునకెంత దూరమని యడిగితిని.

“నడుమ ఒక్క మంచమేనండి” అని యెక్కెను.