గోతాము బరువు



ఒకనిని విందునకు పిలిచి, అతని విస్తరిని చేతికందని అటకమీద పెట్టితిమనుకొనుడు. అతడు ఆకలితోనే లేచిపోయిన తరువాత, "మేము పిలిచితిమి గదా" అనుట న్యాయమగునా? వికలాంగులైన విద్యార్థులకు కాలేజీలో సీటు ఇచ్చి, పాఠమును అందకుండ నుంచుటయు ఇట్టిదే.

అమెరికా దేశస్థురాలైన హెలెన్ కెల్లర్ 19 నెలల ప్రాయమున జబ్బుచేసి చూపును, వినికిడిని కోల్పోయెను. 1899లో ఆమె రాడ్‌క్లిఫ్ కాలేజీ ప్రవేశ పరీక్షలకు కూర్చుండెను. వ్రేళ్లతో తడవి చదువుకొను బ్రెయిలీ చుక్కలలో ప్రశ్నలు వ్రాయించి యిచ్చిరి. అయితే అందలి బీజగణితపు గుర్తులు ఆమె నేర్చిన పద్ధతివి కావు. ఈ సంగతి పరీక్షకు రెండు దినములు ముందు మాత్రమే ఆమెకు తెలిసెను. త్వరత్వరగా ఆ గుర్తులు నేర్చుకొని, బహు ప్రయాసతో వ్రాసి గట్టెక్కెను. 1900లో కాలేజీలో చేరెను. ఆమె ఉపాధ్యాయిని ఆన్ సల్లివన్ తరగతిలో ప్రక్కనే కూర్చుండి, ఉపన్యాసములను వ్రేళ్ల గుర్తులతో ఆమె అరచేతిలో తెలియజేయుచుండెను. 1904లో ఆమె పట్టము పొందెను.

ఆ పరీక్షలో ఆమెకు లోటైనది తెలివి కాదు, ఏర్పాటు.

"ఒకరికి అదనపు సమయమును, వ్రాసిపెట్టు మనిషిని ఇచ్చినయెడల తక్కినవారికి అన్యాయము కాదా?" అని కొందరు అడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అయితే ధాన్యము తూచునప్పుడు మనము గోతాము బరువు తీసివేయుదుము గదా? అది ఎవరిమీదను దయ చూపుట కాదు, సరియైన తూకము. పరీక్ష కొలువవలసినది విద్యార్థి నేర్చిన చదువును గాని, అతని కన్నులను, చేతులను కాదు. చదువునే కొలుచు నిమిత్తము గోతాము బరువు తీసివేయవలసినదే.

మన దేశములో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వ కాలేజీలలోను, ప్రభుత్వ సహాయము పొందు కాలేజీలలోను నూటికి 5కి తక్కువ కాకుండ సీట్లను, నూటికి 40 లేక అంతకు మించిన వైకల్యము గలవారికి కేటాయించవలెనని చెప్పినది. పరీక్షలో వ్రాసిపెట్టు మనిషిని, అదనపు సమయమును గూర్చియు చెప్పినది. అయినను చట్టము తలుపు తెరచునే గాని, విస్తరిని క్రిందికి దించవలసినవి మనుష్యుల చేతులే.

మీ గ్రామములో చూపులేని చిన్నవాడు చదువుకొనుచున్నాడా? సాయంకాలమున అతని పాఠమొకటి బిగ్గరగా చదివి, ఫోనులో రికార్డు చేసి యియ్యుడి. నడువలేని చిన్నది కాలేజీలో చేరబోవుచున్నదా? ఆమె తరగతి మేడమీద ఉన్నదేమో ముందుగా పోయి చూచి, క్రిందికి మార్పుమని పెద్దలు కలిసి అడుగుడి. అడుగునప్పుడు భిక్షము వేడుకొనువారివలె తలవంచవద్దు. సరియైన తూకము కోరువారు తల ఎత్తియే అడుగుదురు.