బండికి బీమా ఉంది, నీకు లైసెన్సు లేదు

చిరంజీవి కిరణ్‌కు,



మీ నాన్న నిన్న రాత్రి ఫోన్‌లో అంతా చెప్పాడు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో పట్టుబడ్డావనీ, కోర్టులో జరిమానా కట్టావనీ, ఆర్టీఏ వాళ్ళు ఆరు నెలలు లైసెన్సు సస్పెండ్ చేశారనీ చెప్పాడు. తాగి నడిపినందుకు ఇంట్లో అనాల్సిన మాటలు అన్నారు, నువ్వూ తలవంచుకుని విన్నావట. వాటిని మళ్ళీ ఎత్తను. చివర్లో మీ నాన్న చెప్పిన ఒక మాట మాత్రం నాకు నిద్ర పట్టనివ్వలేదు. "బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిగా, ఆఫీసు దగ్గరే, జాగ్రత్తగా వెళ్ళొస్తా అంటున్నాడు అన్నయ్యా" అన్నాడు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వకీలుగా ఇన్నేళ్ళు పరిహారం కేసులు నడిపినవాణ్ణి, ఆ మాట విని ఊరుకోలేను.

ముందు నీ పాలసీ కాగితం తీసి చదువు. అందులో "డ్రైవర్స్ క్లాజ్" అని ఒక పేరా ఉంటుంది. ప్రమాదం జరిగిన సమయానికి నడిపే మనిషికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి, లైసెన్సు పొందడానికి అనర్హుడై ఉండకూడదు అని దాని సారాంశం. సస్పెన్షన్ నడుస్తున్న ఆరు నెలలూ నువ్వు ఆ అనర్హుల్లో ఉన్నావు. ఆ స్థితిలో స్టీరింగ్ పట్టుకుని డివైడర్‌ని గుద్దితే బండి రిపేరుకి కంపెనీ రూపాయి ఇవ్వనవసరం లేదు. ఓనర్ డ్రైవర్‌కి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాకీ లైసెన్సే షరతు. నీకేమైనా అయితే మీ అమ్మానాన్నల చేతికి ఆ డబ్బూ రాదు.

అయినా ఇవి నీ నష్టాలు, నువ్వు భరించుకోవచ్చు. నా బాధ అవతలి మనిషి గురించి.

మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ థర్డ్ పార్టీ బీమా లేనిదే బండి రోడ్డెక్కకూడదంటుంది. నీ కారుని కాపాడటానికి పెట్టిన నియమం కాదది. నీ కారు కింద పడేవాడి కుటుంబం వీధిన పడకూడదని పెట్టింది. లైసెన్సు లేనివాడో, అనర్హుడో నడిపితే తప్పుకునే హక్కు 150వ సెక్షన్ కంపెనీకిచ్చింది. 2019 సవరణ తర్వాత తాగి నడపడం కూడా ఆ జాబితాలో చేరింది. కానీ బాధితుడు చేసిన పాపం ఏమీ లేదు కనుక, ఇలాంటి కేసుల్లో కోర్టులు సాధారణంగా ముందు కంపెనీనే చెల్లించమంటాయి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటాయి. "పే అండ్ రికవర్" అంటాం మేము. 2004లో సుప్రీంకోర్టు స్వరణ్‌సింగ్ కేసులో ఈ సూత్రాన్ని వివరంగా చెప్పింది. నడిపినవాడికి లైసెన్సు లేదన్నంత మాత్రాన సరిపోదు, ఓనరు తెలిసి తప్పు చేశాడని కంపెనీయే రుజువు చేయాలని కూడా అందులో ఉంది. నీ విషయంలో ఆ రుజువుకి కష్టపడాల్సింది లేదు. ఓనరువీ నువ్వే, నడిపేదీ నువ్వే, సస్పెన్షన్ ఆర్డరు అందుకున్నదీ నువ్వే.

లెక్క వేసి చూపిస్తాను. నీ కారు కింద పడి చనిపోయింది ముప్పై ఏళ్ళ తాపీమేస్త్రి అనుకో. నెలకి 15,000 సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 21,000. తన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయసుకి సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో ఇచ్చిన గుణకం 17. మొత్తం 32,13,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలు తోడు కోల్పోయినందుకు ఇచ్చే పరిహారం, వడ్డీ వేరే. ఈ డబ్బుని కంపెనీ ముందు ఆ కుటుంబానికి కట్టేసి, తర్వాత వసూలుకి నీ మీదికి వస్తుంది. దానికి వేరే దావా కూడా అక్కర్లేదు, అదే ట్రిబ్యునల్లో అమలు పిటిషన్ (ఈపీ) వేసి నీ జీతాన్నీ ఆస్తినీ జప్తుకి పెట్టొచ్చు.

ఆ 32 లక్షలు తెచ్చుకోవడానికి ఆ ఇల్లాలు ఏం పడుతుందో నీకు తెలియాలి. పనికి వెళ్తేగానీ పూట గడవని మనిషి వాయిదా వాయిదాకీ కూలి మానుకుని వస్తుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి వకీలు, "మీ ఆయనకి నెలకి పదిహేను వేలు వచ్చేదనడానికి కాగితం ఏమైనా ఉందా?" అని అడుగుతాడు. మేస్త్రి పనికి కాగితం ఎక్కడ ఉంటుంది నాయనా? ఆమె ఏం చెప్పాలో తెలియక నా వైపు చూస్తుంది. ఆ చూపుకి కారణం నువ్వు కాకూడదు.

ఇంకొకటి. స్నేహితులు సలహా ఇస్తారు, "ఏదైనా అయితే నీ తమ్ముడు నడిపాడని రాయించేద్దాం" అని. క్లెయిమ్ ఫారంలో డ్రైవరు పేరు మార్చడం మన ఊళ్ళలో చాలా మందికి తప్పులా కూడా కనిపించదు. మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ళ దాకా శిక్ష పడే కేసులో నీ బదులు నీ తమ్ముణ్ణి ముద్దాయిని చేస్తున్నావని దాని అర్థం. సీసీ కెమెరాలు, ఫోన్ లొకేషన్లు ఉన్న కాలంలో అది నిలవదు. నిలిచినా చేయదగ్గ పని కాదు.

సస్పెండ్ అయింది కదా అని పాలసీ మాత్రం వదిలేయకు. లైసెన్సు నీది, బీమా బండిది. ఇంటి ముందు ఆగి ఉన్న కారు దొంగతనానికి గురైనా, వరదలో మునిగినా, అగ్గిపాలైనా ఓన్ డ్యామేజ్ పాలసీ పనికొస్తుంది. ల్యాప్స్ అయి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించినదే. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 1000 నుంచి 1500 సీసీ దాకా కారుకి 3,416 రూపాయలు. లైసెన్సు సస్పెండ్ అయినవాడికీ అంతే, కానివాడికీ అంతే. లైసెన్సున్న డ్రైవర్ని పెట్టుకో, మీ నాన్న నడిపినా నడపనీ. జీతం ఇచ్చే డ్రైవరుకి కంపెనీ బాధ్యత కలపడానికి ఏడాదికి 50 రూపాయలు ఎక్కువ, అంతే.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ పిల్లలకి ఇదే జరిగితే ఇంత తేలిగ్గా పోదు. టెక్సాస్‌లో రెండేళ్ళు, కాలిఫోర్నియాలో సాధారణంగా మూడేళ్ళు బీమా ఉందని చూపే ఎస్సార్-22 అనే ధ్రువపత్రం కంపెనీ చేత రాష్ట్రానికి దాఖలు చేయించాలి. మధ్యలో పాలసీ ఆగితే కంపెనీయే రాష్ట్రానికి తెలియజేస్తుంది, లైసెన్సు మళ్ళీ పోతుంది. ప్రీమియం మనిషి రికార్డుని బట్టి పెరుగుతుంది. మన దగ్గరా ట్రాఫిక్ తప్పులకీ ప్రీమియానికీ ముడిపెట్టాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమించిన బృందం 2021లో సూచించింది. నన్నడిగితే అది రావాల్సిందే. మన ప్రీమియం పెరగలేదంటే మన తప్పు చిన్నదని కాదు, దాని ఖరీదు వేరేవాళ్ళు కడుతున్నారని.

సస్పెన్షన్‌లో నడుపుతూ దొరికితే మోటారు వాహనాల చట్టం 182వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. ఆ భయంతో ఆగినా సంతోషమే. కానీ నువ్వు దొరకవన్న ధీమాతో ఉన్న రోజున కూడా ఆగాలి. పోలీసు లేని సందులో కూడా పిల్లలు రోడ్డు దాటుతారు.

లైసెన్సు సస్పెండ్ అయినవాళ్ళకి రిఫ్రెషర్ శిక్షణ తప్పనిసరి చేస్తూ 2019లో ఆ చట్టంలో మాట చేర్చారు. దాన్ని సర్టిఫికెట్ కోసం కాక నేర్చుకోవడానికి వెళ్ళు. ఈ ఆరు నెలలూ మెట్రోలోనో ఆటోలోనో ఆఫీసుకి వెళ్ళు. ఆలస్యమవుతుందంటే మేనేజరుకి నిజం చెప్పు, సిగ్గుపడకు.

ఈ ఉత్తరం అందిన రోజే కారు తాళాలు, స్పేర్‌తో సహా, మీ నాన్న చేతికిచ్చెయ్. ఇచ్చానని నాకు ఒక్క ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న