ఆచారమూ, పిల్ల ప్రాణమూ

నెల్లూరు తీరపు పల్లెల్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే మూలన కూర్చోబెట్టి చిమ్మిలి పెడతారు. నువ్వులూ బెల్లమూ ఒంటికి మంచివే. మైల పేరిట వేరుచేయడం వేరే సంగతి. ఈ తీరానికే దక్షిణాన, తంజావూరు జిల్లాలో, 2018 నవంబరు గజ తుపాను రాత్రి, అలా వేరే పాకలో ఉంచిన బాలిక కొబ్బరిచెట్టు మీదపడి మరణించింది. 1984లో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపానును చూసిన మనవాళ్లకు ఆ రాత్రి సంగతి చెప్పనక్కరలేదు.

ఆచారం జోలికి పోతే సంస్కృతి చెడుతుందంటారు. దక్షిణాఫ్రికాలో షోసా కుర్రవాళ్లను మగవాళ్లను చేసే దీక్షలో సున్తీ ఉంది. పుండు కుళ్లీ, నీళ్లు తాగనివ్వకా ఎందరో చనిపోగా, 2001లో ఈస్టర్న్ కేప్ ప్రభుత్వం దానికి వైద్యాధికారి అనుమతి తప్పనిసరి చేసింది. చావులు పూర్తిగా ఆగలేదు, దీక్షా పోలేదు. మనం చిమ్మిలిని ఉంచుకుని మైలను వదులుకోలేమా? షోసా కుర్రవాడు హేళనకు జడిసి అయినా తానై వెళతాడు. మన పిల్లను ఎవరూ అడగనే అడగరు.