పురుటి దినము – ఎవరి నిర్ణయము?

ఇంట ఒక స్త్రీ నిండు చూలాలై యున్నపుడు ఆమెను గూర్చి ఆలోచించువారు పదిమంది యుందురు. ఆమెను అడుగువారు తక్కువ. పూర్వము నొప్పులు తమంత తాము వచ్చువరకు వేచియుండుట తప్ప గత్యంతరము లేకుండెను. నేడు మందులచే నొప్పులు రప్పించి, కోరిన దినమున ప్రసవము జరుపుటకు యత్నింపవచ్చును. కోరినదెవరు అనునదే ప్రశ్న.

అనకాపల్లిలోని పుట్టింటికి తొలికానుపునకు వచ్చిన యువతి నొకతెను ఉదాహరణముగా గైకొనవచ్చును. 39 వారములు నిండినవి. తల్లికిగాని బిడ్డకుగాని చిక్కేదియు లేదు. భర్త సెలవు పదిదినములలో ముగియును. అత్తవారు కొత్త అమావాస్యకు ముందే బిడ్డ పుట్టవలెనని పంచాంగము తిరుగవేయుచున్నారు. (నూకాలమ్మ జాతరకు ఊరంతయు పండుగ చేసికొను అమావాస్య శిశువునకు మాత్రము కీడెట్లగునో!) వైద్యురాలు “కావలెనన్నచో నొప్పులు రప్పింతుము” అన్నది. ఆ పిల్లకు తోడుగా వెళ్లు మేనత్త చేయదగినదేమి?

ముందుగా అవసరమును, కోరికను వేరుచేసి చూపవలెను. రక్తపుపోటు పెరిగినను, ఉమ్మనీరు ముందుగా పోయినను, బిడ్డ ఎదుగుదల మందగించినను నొప్పులు రప్పించుట చికిత్సలో భాగము కావచ్చును. అచ్చట కాలయాపన ప్రమాదకరము. 41 వారములు నిండినపుడు రప్పించుటను ప్రపంచ ఆరోగ్యసంస్థ సిఫారసు చేసినది; అంతకు ముందు, ఏ చిక్కును లేని గర్భమునకు వలదన్నది. అయినను విషయమింతతో తెగదు. 2018లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో ఆరువేలకు పైగా తొలిచూలు స్త్రీలు పాల్గొనిరి. 39వ వారమున నొప్పులు రప్పించిన వర్గమున నూటికి 18.6 మందికి, వేచియున్న వర్గమున 22.2 మందికి శస్త్రచికిత్స జరిగినది. కావున రప్పించుటయే అపచారమని బెదరించుటయు, వేచియుండుట మౌఢ్యమని తొందరపెట్టుటయు రెండును సత్యమునకు దూరములే. వారముల లెక్క కూడ తొలిమాసముల స్కానుతో సరిచూచినదై యుండవలెను. లేనిచో 39 అనుకొన్నది 37 కావచ్చును.

గర్భాశయముఖము మెత్తబడినదా, తెరచుకొన్నదా, శిశువు తల ఎంత దిగినది అను లక్షణములకు అంకెలిచ్చి చూచు పద్ధతిని 1964లో బిషప్ అను వైద్యుడు ప్రకటించెను. పాకము ముదరకముందే దింపిన బెల్లము గట్టిపడదని ఈ ప్రాంతపు రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. పక్వము కాని ముఖమును జెల్‌తోగాని, మిసోప్రోస్టాల్ మాత్రతోగాని, చిన్న బుడగ గల గొట్టముతోగాని మెత్తబరచి, పిమ్మట ఆక్సిటోసిన్ సెలైను పెట్టుదురు. ఇందులకు ఒకటి రెండు దినములు పట్టవచ్చును. నొప్పులు తీవ్రతరమగుటయు గలదు. శిశువు గుండెచప్పుడును మాటిమాటికి గమనింపవలెను. ఇది ఫలింపనిచో ఏమి చేయుదురు? అర్ధరాత్రి శస్త్రచికిత్సకు, రక్తమునకు అచ్చటనే ఏర్పాటు కలదా, లేక విశాఖపట్టణమునకు పరుగిడవలెనా? ఈ ప్రశ్నలను కాగితముపై వ్రాసియిచ్చి, వైద్యురాలి యెదుట ఆ పిల్లచేతనే అడిగింపవలెను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. అడుగుటకు బిడియపడదగిన కాలము కాదిది.

“పిల్ల భయపడును, పెద్దలే చెప్పవలెను” అందురు. ఆ మాటలో ప్రేమ లేకపోలేదు. కాని భయము తెలియనితనముచే పెరుగును. సంతకము భర్తయో అత్తయో చేసిన చాలునను వాడుకయు సరికాదు. అత్యవసరము లేనపుడు, తెలివితో నున్న వయోజనురాలి బదులు కన్నతల్లి ఇచ్చిన సమ్మతి సైతము చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది. శరణమార్గమున నడచువారికి ఇది వింతమాట కారాదు. ఇష్టలింగమును స్త్రీ తన దేహముననే ధరించును. ఆమెకును శివునకును నడుమ మరియొకరు నిలువరు. పురుటి మైలనే త్రోసివేసిన శరణుల సంతతివారు పుట్టు గడియకు తిథి వెదకుట చిత్రము. మాదాంబ మూడేండ్లు గర్భము మోసినదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పును. అది భక్తికథ, వైద్యమునకు ప్రమాణము కాదు.

అన్నిటికంటె కష్టమైనది తరువాత వచ్చును. అన్నియు తెలిసికొన్న పిదప, భర్త చెంతనుండగనే కనవలెనని ఆమె నొప్పులు రప్పించుకొనుటకు ఒప్పుకొనవచ్చును. మేనత్తకు అది అల్పకారణముగా తోచును. చేయి పట్టుకొను మనిషి దగ్గర నుండుట ప్రసవించు స్త్రీకి అల్పమా? లేక అమావాస్య దాటినను వేచియుందుననవచ్చును. అపుడు అత్తవారి అలుకకు ఎదురు నిలువవలసినది ఆ మేనత్తయే. వేచియున్నన్ని దినములు పరీక్షలు తప్పరాదు, బిడ్డ కదలికలను గమనించుచుండవలెను. కదలిక తగ్గినయెడల సెలవు, తిథి అను మాటలు విడిచి, రాత్రియైనను ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరవలెను.